పాలపళ్ళు ఉన్నోళ్ళకే పుస్తకం

మా బోయిన్‌పల్లి బస్తీలో మొన్న చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు పంచారు. ఇంకా ఒకటో తరగతికి పోని పిల్లలకు, పైసా తీసుకోకుండా. మా మనవరాలు, దాని స్నేహితులు ఇల్లిల్లూ తిరిగి చందాలు అడిగారు. కూరగాయల మార్కెట్ దుకాణాలవాళ్ళు సుతా తలా ఇంత వేశారు. కమ్యూనిటీ హాలు ముందు షామియానా కట్టి, బల్ల మీద పుస్తకాలు పేర్చారు. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చిన పిల్లలకు చాక్లెట్లు ఇవ్వమన్నారు.

అంతలో మార్కెట్లో మూటలు మోసే ఆమె ఒకతె బిడ్డను తీసుకుని వచ్చింది. మనవరాలు ఫోన్లో పేరు ఎక్కిస్తూ అడిగింది.

"బర్త్ సర్టిఫికెట్ ఉందా అక్కా?"

"లేదమ్మా. ఊర్ల ఇంట్లనే పుట్టింది."

"ఆధార్?"

"పిల్లకింక తియ్యలే."

"మరి వయసెట్ల తెలుస్తది? పెద్ద పిల్లలు తీస్కపోతే చిన్నోళ్ళకు తక్కువ పడతయ్ అక్కా. ఏమనుకోకు."

ఆ తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. పిల్ల మాత్రం బల్ల మీది ఏనుగు బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పడం లేదు. నా నోటి నుంచి దానంతట అదే మాట వచ్చేసింది.

"నోరు తెరువమనుండ్రి. పళ్ళు చూస్తే తెలుస్తది."

అందరూ నవ్వారు. "అమ్మమ్మా, నువ్వేమన్న పళ్ళ డాక్టర్‌వా?" అన్నది మనవరాలు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వుతో పాటే ఎక్కడినుంచో ఉడికిన మైదా బంక వాసన నా ముక్కుకు తగిలింది. ఎన్నేళ్ళయిందో ఆ వాసన చూసి.

ఆ పిల్ల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ వాసన సంగతి చెప్పాలి. "రాయి అమ్మమ్మా, మాతో మాట్లాడినట్టే రాయి" అని మనవరాలు నా చేతికి పెన్ను ఇచ్చింది. నేను ఐదో తరగతి దాకా చదివాను. కిరాణా సామాను చీటీ తప్ప ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాను.  అయినా రాస్తున్నాను.

మా గల్లీ రెజిమెంటల్ బజార్ వెనక ఉండేది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకుని నిలబడాల్సినంత సన్నటి గల్లీ. పొద్దున కళ్ళు తెరవకముందే ముక్కు లేచేది. ముందు స్టేషన్ వైపు నుంచి ఇంజను బొగ్గు వాసన, ఆ వెనక ఇరానీ హోటల్లో పాలు మరిగే వాసన, తర్వాత ఎవరింట్లోనో ఉల్లిగడ్డ తాలింపు. మా బాపు మిలిటరీవాళ్ళకు, పోలీసువాళ్ళకు యూనిఫారాలు కుట్టేవాడు. అందుకని మా ఇంట్లో ఎటు చూసినా ఖాకీ ముక్కలే. దిండులో ఖాకీ, మసిగుడ్డ ఖాకీ. మా అన్న లాగు వెనక అతుకు కూడా ఖాకీయే.

మా ఇంటి ఎదురుగా బైండింగ్ దుకాణం. ఆ దుకాణం ముసలాయనను గల్లీ అంతా చాచా అనేది. ఆయన భార్యను ఖాలా అనేది. చాచా అంటే నాన్న తమ్ముడు, ఖాలా అంటే అమ్మ తోబుట్టువు, వరస కలవదు. ఎవరూ పట్టించుకోలేదు. చాచా గడప దగ్గర కూర్చుని దబ్బనంతో పుస్తకాలు కుట్టేవాడు. లోపల ఖాలా మైదా బంక కాచేది. పురుగు పట్టకుండా చివర్లో మైలుతుత్తం కలిపేది. అది విషం కాబట్టి కలిపాక మమ్మల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. కలపకముందు మాత్రం మేము గిన్నె అంచున వేలు పెట్టి నాకేవాళ్ళం. ఉప్పు లేదు, తీపి లేదు. అయినా ఆ వేడి బంక ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

"హట్! పేగులు అతుక్కుంటయ్! రేపు దొడ్డికి పోలేరు!" అని ఖాలా గరిటె ఎత్తేది. మేము పరుగు.

ఆ గల్లీ మొత్తంలో "అండీ" అనే ఇల్లు ఒకటే ఉండేది. మందుల షాపు అమ్మగారిది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి అక్కడ షాపు పెట్టుకున్నారు. ఒకరోజు వాళ్ళ షాపు ముందు మా వెనకింటి బుడ్డోడు జ్వరం మందు డబ్బాలోని కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, ఊగుతూ, ఏదో చదువుతున్నట్టు పాడుతున్నాడట. అమ్మగారు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, చాచా దగ్గరకు వచ్చింది.

"చూశారా చాచా, పాపం వాడికి బొమ్మల పుస్తకం అంటే ఏంటో కూడా తెలీదు. మందు కాగితం చదువుతున్నాడు."

చాచా దబ్బనం ఆపలేదు. "కాగితాలు మీరు తెండ్రి. దారం నాది" అన్నాడు.

అంతే. అట్లా షురూ అయింది. మారేడ్‌పల్లి బంగళాల్లో పనికి పోయే మా గల్లీ ఆడవాళ్ళు, అక్కడి పిల్లలు చింపి పారేసిన బొమ్మల పుస్తకాలను అడిగి కొంగున కట్టుకుని వచ్చేవారు. రద్దీ, అంటే పాత కాగితాలు కొనే ఆయన, రంగు పేజీ కనబడితే తీసి పక్కన పెట్టేవాడు. అమ్మగారు మందుల అట్టపెట్టెలు ఇచ్చేది. అట్టలు రెండింటినీ వెనక కలిపి అతికించడానికి బాపు ఖాకీ ముక్కలు ఇచ్చేవాడు. అందుకే మా గల్లీ పుస్తకాలన్నిటికీ ఖాకీ వీపులే ఉండేవి. వరసగా నిలబెడితే పోలీసుల పరేడులా ఉండేది.

ఆ పుస్తకాల్లో ఒక విచిత్రం ఉంది. చిరిగిన కాగితాలు కదా, ఒకదానికొకటి కలిసేవి కావు. పులి పేజీ తిప్పితే జామపండు, జామపండు తిప్పితే పెళ్ళికొడుకు. ఉర్దూ పేజీలు సుతా వచ్చేవి. చాచాకు ఏదీ పారేయడానికి మనసొప్పేది కాదు. ఇటు నుంచి తెలుగు, అటు నుంచి ఉర్దూ పెట్టి, రెండూ నడుమ కలిసేటట్టు కుట్టేసేవాడు.

ఎంత చేసినా పుస్తకాలు కొన్నే అయ్యేవి. పిల్లలు మాత్రం గల్లీ నిండా. మరీ చిన్నవాళ్ళకు ముందు ఇవ్వాలని అనుకున్నారు. కానీ ఎవరి వయసు ఎవరికి తెలుసు? మా అమ్మను అడిగితే "పెద్దవాన పడ్డ ఏడు" అనేది. ఖాలా మొదటి ఏడు బడిలో సార్లు చేసినట్టే చేసింది. బడిలో చేర్చుకునేటప్పుడు చెయ్యిని తల మీదుగా తెచ్చి అవతలి చెవి అందుకోమనేవారు. అందితే బడికి పోయే వయసు వచ్చినట్టు. ఖాలా, చెవి అందనివాళ్ళకే పుస్తకం అన్నది. ఇంకేముంది, పెద్ద పోరగాళ్ళందరికీ చేతులు పొట్టివైపోయాయి. మా అన్న అయితే మెడ పక్కకు వాల్చి, మూలుగుతూ, "అందుతలేదు ఖాలా, కసం" అని ఒట్టు పెట్టాడట.

ఖాలా అన్న చెవి తానే పట్టుకుంది. "గిప్పుడు అందిందా?" అని, అందరినీ చూసి అరిచింది. "నోళ్ళు తెరువుండ్రి! పాలపళ్ళన్నీ ఉన్నోళ్ళకే పుస్తకం. ఒక్కటి ఊడినా ఇయ్య. చెయ్యి అబద్ధమాడుతది, పన్ను ఆడదు!"

అట్లా మా గల్లీలో ఆ కాయిదా, అంటే నియమం, వచ్చింది. బోనాలకు ముందు వచ్చే శుక్రవారం, నమాజు అయ్యాక పంచడం. పిల్ల నోరు తెరవాలి, ఖాలా బొటనవేలితో ప్రతి పన్నునూ నొక్కి చూడాలి. ఒక పిల్లకు ఒక్కసారే పుస్తకం. కింది పన్ను ఒకటి ఊడిన మా అన్నకు ఆ ఏడు రాలేదు. పళ్ళన్నీ ఉన్న నాకు సుతా రాలేదు. నాకు అప్పుడు అమ్మవారు పోసి, వేపాకుల మంచం మీద పడుకుని ఉన్నాను. పుస్తకాలు అయిపోయాయి. "రంది పడకు బేటా, మళ్ళ ఏడు మొదటిది నీదే" అని ఖాలా కిటికీలోంచి చెప్పింది.

నేను ఆ మాట పట్టుకుని ఏడాది ఎదురుచూశాను. మళ్ళీ వానలు పడ్డాయి, బోనాల డప్పులు ఎండబెట్టడం మొదలైంది, చాచా దుకాణంలో ఖాకీ వీపులు పెరుగుతున్నాయి. అప్పుడు ఒక పొద్దున, పళ్ళు తోముకుంటుంటే, నా ముందు పన్ను కదిలింది.

ఆ రోజు నా గుండె ఎట్లా జారిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. నాలుకతో తోస్తే ముందుకు పోయేది, మళ్ళీ వచ్చేది. ఈ ఏడు పోతే ఇక నాకు పుస్తకం ఎన్నడూ లేదు.

అందరికన్నా పెద్ద ప్రమాదం మా ఇంట్లోనే ఉంది. మా నానమ్మ. గల్లీలో ఎవరి పన్ను కదిలినా నానమ్మ చేతులు దురదపెట్టేవి. తలుపు గొళ్ళానికి దారం కట్టి, "అగో, కాకి!" అని చూపించి, తలుపు ధడేలుమని వేసేది. పన్ను దారానికి వేలాడేది. నేను రెండు రోజులు నోరు మూసుకుని తిరిగాను. మూడో రోజు అన్నం నమలడం చూసి పట్టేసింది.

"ఏందే, మేక లెక్క ఒక దిక్కే నములుతున్నవ్? నోరు తెరువ్."

నేను గోడకు ఆనుకుని తల అడ్డంగా ఊపాను.

"పన్ను కదులుతున్నది! అవ్వ! చెప్పకపాయె! ఉంచితే కొత్తది వంకర మొలుస్తది. దారం తే పో."

"వద్దు నానమ్మా! పీకితే ఖాలా పుస్తకం ఇయ్యది!"

నేను ఏడుపు అందుకున్నాను. నానమ్మ తనే దారం అందుకుంది, కానీ కట్టలేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. మిర్చీలు కట్టిచ్చిన పేపరు ముక్కను సుతా పారేయకుండా, మడతలు సరిచేసి, అందులో బొమ్మ ఉందేమోనని చూసే మనిషి.

"బుక్కుల బొమ్మలుంటయా?" అన్నది.

"శాన ఉంటయ్."

"నాకు చూపెడ్తవా?"

"నీకే ముందు చూపెడ్త."

నానమ్మ దారాన్ని ఉండ చుట్టి బొడ్లో దోపుకుంది. "శుక్రారం దాక దాని జోలికి ఎవ్వరు పోవద్దు" అని ఇంట్లో అందరికీ చెప్పింది. పళ్ళు పీకే మనిషే పన్నుకు కాపలా ఉంది.

ఆ వారం మా ఇంట్లోనే కాదు, గల్లీ మొత్తంలో నా పన్ను సంగతే. నానమ్మ నోట్లో మాట ఆగితే కదా! అమ్మగారు పలచటి పెరుగన్నం కలిపి పంపేది. "నమలకే పిల్లా, మింగేసెయ్. అటువైపు నాలుక పెట్టకు. తోచనప్పుడల్లా నాలుక అక్కడికే పోతుంది, నాకు తెలుసు" అనేది. ఇరానీ హోటలాయన బన్నును చాయ్‌లో ముంచి, మెత్తగా అయ్యాకే నా చేతికిచ్చేవాడు. ఒక్క ఖాలా ఇంటి నుంచే ఏమీ రాలేదు. ఖాలాకు ఎవరూ చెప్పలేదు. చెప్తే ఆమె కాయిదా ఆమెకు అడ్డం వస్తుందని అందరికీ తెలుసు. ఆమె ఎదురుపడితే గల్లీ అంతా ఒక్కసారిగా వాన గురించి మాట్లాడేది.

"ఏంది, నన్ను చూస్తనే అందరు మబ్బుల దిక్కు చూస్తుండ్రు?" అనేది ఖాలా.

"ఏం లేదు ఖాలా, పడతదా పడదా అని."

"వాననా?"

"ఆ, వాననే."

మా అన్నకు మాత్రం ఇది పండగ. మక్క బుట్టలు, అంటే మొక్కజొన్న పొత్తులు, అప్పుడే వచ్చాయి. గల్లీ మొదట్లో బొగ్గుల మీద కాలుస్తుంటే ఆ వాసనకు కాళ్ళు ఆగేవి కావు. అన్న ఉప్పూ నిమ్మకాయా రాయించుకుని, నా పక్కనే కూర్చుని, గింజ గింజా చప్పుడయ్యేటట్టు కొరికేవాడు.

"అబ్బ, గీ బుట్ట ఎంత లేతగుందే! ఒక్కసారి కొరుకు. ఏం గాదు."

"ఫో! నీకు రాలేదని నాకు సుత రావద్దనా?"

"నాకెందుకే బుక్కు? పిల్లల బుక్కు. నేను పెద్దోణ్ణి." అట్లా అనేవాడు కానీ, చాచా దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు నడక తగ్గించేవాడు. నేను చూశాను.

శుక్రవారం వచ్చింది. పన్ను ఒక్క నరం మీద నిలబడి ఉంది. గాలి పీలిస్తే లోపలికి వంగేది. పొద్దున చాచా, ఖాలా బంక ఆరడానికి పుస్తకాలను గల్లీలో మంచాల మీద పరిచారు. ఎండ మంచిగా ఉంది. చాచా నమాజుకు పోవడానికి తయారవుతున్నాడు. ఖాలా లోపల ఉంది. ఉన్నట్టుండి టప్, టప్ అని చినుకులు పడ్డాయి.

"వాన! బుక్కులు! బుక్కులు తడుస్తయ్!"

ఎవరు అరిచారో తెలియదు. గల్లీ అంతా బయటకొచ్చింది. చేతిలో పిండితో వచ్చినవాళ్ళు, తలకు సబ్బుతో వచ్చినవాళ్ళు. అమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తడం ఆ రోజే చూశాను. ఎవరికి దొరికినన్ని వాళ్ళు ఎత్తుకుని దుకాణంలోకి ఉరికారు. నేను పొట్టకు ఆనించి పేర్చుకుని, పైదాన్ని గడ్డంతో అదిమి పట్టుకుని ఉరుకుతున్నాను. ముందు మా అన్న. అన్న కాలు జారి బురదలో చతికిలబడ్డాడు. పుస్తకాలు మాత్రం రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకున్నాడు, బోనం ఎత్తుకున్నట్టు. ఒక్క పుస్తకానికి బురద అంటలేదు. వాడి లాగు మాత్రం ఖాకీ అతుకుతో సహా నల్లగా అయింది.

నాకు నవ్వు ఆగలేదు. పకపకా నవ్వాను. నవ్వుతూనే గడప దాటాను. గడప ఎత్తుగా ఉంటుంది కదా, పుస్తకాలు పైకి ఎగిరాయి. పై పుస్తకం అట్ట అంచు వచ్చి ఠక్కున నా మూతికి తగిలింది.

పన్ను నా నాలుక మీద ఉంది.

వాన ఒక్క పుస్తకాన్నీ ముట్టుకోలేదు. అందరూ సంతోషంగా అరుస్తున్నారు. నేను నోరు గట్టిగా మూసుకుని ఇంటికి ఉరికి, నానమ్మ ఒళ్ళో పన్ను ఉమ్మి, చాపలా పడిపోయాను. ఇన్ని రోజులు పుస్తకం కోసమని దాచుకున్న పన్నును పుస్తకమే ఊడగొట్టింది.

నానమ్మ పన్నును ఖాకీ ముక్కతో తుడిచింది. వెలుగులో పెట్టి చూసింది. 

"చాచా గన్ని బుక్కులు అతుకుతున్నడు. ఒక్క పన్ను అతుకదా?"

పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టింది. చారెడు మైదా, నీళ్ళు. మైలుతుత్తం వెయ్యలేదు. చిక్కబడ్డాక చల్లార్చి, పన్నుకు రాసి, నా చిగురు తుడిచి, పన్నును ఉన్నచోటే పెట్టి బొటనవేలితో అదిమి పట్టింది. "మాట్లాడకు. నవ్వకు. ఉమ్మి మింగకు" అన్నది. అన్న బురద లాగుతో గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

నమాజు అయింది. చాచా వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. దుకాణం ముందు పిల్లలు వరుసలో నిలబడ్డారు. మాట ఇచ్చినట్టే ఖాలా నన్ను ముందుకు పిలిచింది. అమ్మగారు పుస్తకం పట్టుకుని పక్కనే ఉంది. గల్లీ అంతా నిలబడి చూస్తోంది.

"ఎట్లున్నవ్ బేటా?"

నేను తల ఊపాను.

"ఏందీ, మూగనోము పట్టినవా? నోరు తెరువ్."

నేను కొంచెం తెరిచాను. ఖాలా వేలు లోపలికి వచ్చింది. వెనక పళ్ళు నొక్కింది, పక్క పళ్ళు నొక్కింది. ముందుకు వచ్చింది. నొక్కింది. వేలు బయటకు తీసింది. ఆమె వేలితో పాటు నా పన్ను కూడా వచ్చింది. బొటనవేలికి అతుక్కుని, బొట్టుబిళ్ళలా.

ఖాలా వేలు కళ్ళ దగ్గర పెట్టుకుంది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది మైదా బంక" అన్నది.

 ఎవరో ఒక పోరగాడు వెనక నుంచి "ఊడినోళ్ళకు ఇయ్యద్దు! మాకు ఇయ్యలే గద!" అన్నాడు. వాడి మాట న్యాయమే.  అప్పుడు మా అన్న ముందుకు వచ్చాడు.

"ఖాలా, అది దానంతట ఊడలే. వానకు బుక్కులు మోసుకొస్తుంటే, మీ గడప కాడ, బుక్కు తగిలి ఊడింది. నేను చూసిన. అన్ని రోజులు మక్క బుట్ట సుత తినలే అది. నేనెంత ఊరించినా తినలే."

ఖాలా నానమ్మ వైపు చూసింది. "అతికిచ్చింది నువ్వేనా?"

"నేనే" అన్నది నానమ్మ. "ఏం జేస్తవో జెయ్యి."

చాచా చెయ్యి చాపాడు. ఖాలా పన్నును ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, పుస్తకం వీపును చూసినట్టే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బంక పల్చగైంది" అన్నాడు. "ఇంకింత సేపు ఉడకాలె. గంతే. పని మంచిగనే చేసింది."

ముందు అమ్మగారు నవ్వింది. తర్వాత ఇరానీ హోటలాయన. తర్వాత గల్లీ అంతా. ఖాలా మాత్రం నవ్వకుండా నడుము మీద చేతులు పెట్టుకుంది. ఆమె ఆలోచించేటప్పుడు అట్లాగే నిలబడేది.

"ఇగో వినుండ్రి" అన్నది. "ఇక్కడున్న బుక్కుల ఒక్కటన్న అసలుదుందా? అన్నీ చిరిగినయే. అతికిచ్చినం, కుట్టినం. అతికిచ్చినంక వాటిని బుక్కులే అంటున్నం. అతికిచ్చిన కాగితాలు బుక్కయితే, అతికిచ్చిన పన్ను పన్ను కాదా? ఈ దుకాణంల ఒక్కటే న్యాయం. దీనికి పళ్ళన్నీ ఉన్నయ్. బుక్కియ్యి అమ్మా."

అమ్మగారు నా చేతుల్లో పుస్తకం పెట్టింది. ఖాకీ వీపు. బంక ఇంకా కొంచెం తడిగా, మైదా వాసనతో.

ఆ అరిచిన పోరగాడు "మరి మేము?" అన్నాడు.

"మీరా? పళ్ళు ఊడినోళ్ళు అంటే బడికి పోయెటోళ్ళు. అక్షరాలు వచ్చినోళ్ళు. ఈళ్ళకు బొమ్మలు చూసుడే వస్తది. రోజు పొద్దుమూకంగ ఈడ కూసోని మీరు సదివి చెప్పాలె. సదివినోళ్ళు చూసుకుంట కూసోవచ్చు. ఒప్పుకుంటరా?"

అందరికన్నా ముందు తల ఊపింది మా అన్న.

ఆ సాయంత్రమే షురూ అయింది. వాన వెలిసింది. చాచా దుకాణం అరుగు మీద చిన్నవాళ్ళు ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. పెద్దవాళ్ళు చదివేవారు. ముందు పళ్ళు లేక అన్న "సింహం" అంటే ఈల వేసినట్టు వచ్చేది. పిల్లలు ఆ ఈల కోసమే మళ్ళీ మళ్ళీ సింహం పేజీ తెరిచేవారు. నా పుస్తకాన్ని ఇటు నుంచి అన్న చదివేవాడు. అటు నుంచి ఉర్దూ పేజీలు చాచా చదివి తెలుగులో చెప్పేవాడు. ఇద్దరూ నడుమకు వచ్చేసరికి ఒక రైలు ఉండేది. ఇంజను ఏదో తెలుగు పుస్తకంలోది, డబ్బాలు ఏదో ఉర్దూ పుస్తకంలోవి. చాచా రెంటినీ పట్టాలు కలిసేటట్టు అతికించాడు. ఇంజను ఎర్రది, డబ్బాలు పచ్చవి.

మాట ఇచ్చినట్టు నానమ్మకు అన్నిటికన్నా ముందు ఆ బొమ్మే చూపించాను. "రైలు యాడికి పోతున్నదిరా?" అని అన్నను అడిగేది. అన్న రోజుకో ఊరు చెప్పేవాడు. ఒకరోజు వరంగల్, ఒకరోజు కాజీపేట. ఏ ఊరు పోయినా రాత్రికి సికింద్రాబాద్ స్టేషన్‌కు రావాల్సిందే. లేకపోతే నానమ్మ ఒప్పుకునేది కాదు. "ఆకలైతది గద రైల్ల కూసున్నోళ్ళకు" అనేది.

నా పన్నును చాచా నాకే తిరిగి ఇచ్చాడు. పాలపన్నుకు అందరూ చేసినట్టే, ఆవుపెండలో పెట్టి బైండింగ్ దుకాణం పెంకుల మీదికి విసిరాను. కొత్త పన్ను వంకరగానే మొలిచింది. నానమ్మ చెప్పినట్టే. ఇప్పటికీ వంకరగానే ఉంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నాకు నచ్చుతుంది.

ఐదో తరగతి తర్వాత బాపు మిషన్ పక్కన కాజాలు కుట్టడానికి కూర్చున్నాను. నా పుస్తకం వెనకింటి పిల్లకు పోయింది, ఆమె దగ్గర నుంచి ఇంకొకరికి. చివరిసారి చూసినప్పుడు అట్టలు రెండూ లేవు. ఖాకీ వీపు మాత్రం ఉంది, రైలును పట్టుకుని. ఇప్పుడు ఆ గల్లీ ఉన్నచోట రోడ్డు వెడల్పయింది. చాచా అరుగు ఉన్నచోట స్కూటర్లు నిలబెడుతున్నారు. అప్పుడప్పుడు ఆటోలో అటు నుంచి పోతుంటే ముక్కు దానంతట అదే ముందుకు వస్తుంది. పెట్రోలు వాసనే. అయినా ముక్కు మానదు.

ఇక ఆ పిల్ల సంగతి.

నా మాటకు అందరూ నవ్వినా, ఆ పిల్ల నవ్వలేదు. నా కుర్చీ దగ్గరకు వచ్చి నోరు పెద్దగా తెరిచింది. నేను చెయ్యి కడుక్కుని, ఖాలా చేసినట్టే, బొటనవేలితో నొక్కి చూశాను. వెనకవి గట్టిగా ఉన్నాయి. పక్కవి గట్టిగా ఉన్నాయి. ముందుది కదిలింది. బాగానే కదిలింది. పిల్ల నా కళ్ళలోకి చూసింది. దానికి తెలుసు.

"అన్నీ ఉన్నయ్" అన్నాను మనవరాలితో. "మంచిగ రాయి. అన్నీ ఉన్నయ్."

ఏనుగు పుస్తకం ఇచ్చారు. పిల్ల రెండు చేతులా అందుకుని, అటు ఇటు చూసి, నిజంగా తనదేనా అన్నట్టు, ముందుగా దాని మూలను గట్టిగా కొరికింది.

"ఏయ్ ఏయ్, మెల్లగ బిడ్డా!" అన్నాను. "ఇంటికి పోయినంక కొరుకు."